చవగ్గా వస్తోందని పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ముందు ఇది చదవండి

పోయిన నెల డాలస్ దగ్గర, వానలో, ఐ-35 హైవే మీద ఒక పాత పోర్షే బాక్స్‌స్టర్ గిరగిరా తిరిగి పక్క గోడకు గుద్దుకుంది. నడిపింది మాకు బాగా తెలిసిన అబ్బాయి. గుంటూరు నుంచి వచ్చి, ఎంఎస్ చేసి, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలయింది. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మగారికి ఆ కబురు నేనే చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు కార్లో ఉన్న లాప్‌టాప్, కాగితాలు తెద్దామని టో యార్డుకి (దెబ్బతిన్న కార్లను లాక్కెళ్ళి పెట్టే చోటుకి) వెళ్ళాను. వెనక టైరు దగ్గర కూర్చుని చూశాను. టైరు మీద గాడులు లోతుగానే ఉన్నాయి, పైకి చూస్తే కొత్తదే అనుకుంటాం. గోరుతో నొక్కితే మాత్రం రబ్బరు దిగలేదు, కొబ్బరి చిప్పలా ఉంది. అంచు పొడవునా వెంట్రుకంత పగుళ్ళు. టైరు మీది కోడ్ చివర 2411 అని ఉంది. అంటే 2011లో 24వ వారంలో తయారైన టైరు.

టైర్లు మార్చమని మెకానిక్ వాడికి ముందే చెప్పాడట. జీతం పడ్డాక చూద్దాంలే అనుకున్నాడు. దాచుకున్న ఏడు వేల డాలర్లూ కారు ధరకే ఊడ్చి పెట్టేశాడు. ఖాతాలో మిగిలింది ఆ నెల అద్దె.

తమ్ముళ్ళూ, నేను చెప్పదలచుకున్నది ఇదే. చేతిలో ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టేయకండి. టెస్ట్ డ్రైవ్ చేయమని, టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) చూడమని, కార్‌ఫాక్స్ (కారు పాత చరిత్ర రిపోర్టు) తీయమని అందరూ చెబుతారు, అవి మీకు తెలుసు. నేను అమెరికా వచ్చి పదిహేడేళ్ళయింది. పాత స్పోర్ట్స్ కారు కొని దెబ్బతిన్న మనవాళ్ళను చాలామందినే చూశాను. కారు ఎంచుకోవడం తెలియక నష్టపోయినవాళ్ళు వాళ్ళలో తక్కువ. కొన్నాక చేతిలో పైసా లేక, పాడైన కారునే రోజూ నడిపినవాళ్ళే ఎక్కువ.

తొమ్మిది వేలు ఉన్నాయా? ఆరు వేల కారే చూడండి. మిగతా మూడు వేలు ఆ కారువే, ఇంకా ఖర్చు కాలేదంతే.

టైర్లు

టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళు దాటితే మార్చమంటాయి. ఇలాంటి కారు వారానికోసారి బయటికొస్తుంది, మిగతా రోజులు గరాజ్‌లోనే ఉంటుంది. అందుకే టైరు అరగదు, లోపల రబ్బరు మాత్రం ఎండిపోతుంది. ఎండలో పట్టు బాగానే ఉందనిపిస్తుంది. మొదటి వానకి తెలుస్తుంది.

నటుడు పాల్ వాకర్ 2013 నవంబర్ 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో పోయింది పోర్షే కరెరా జీటీలో. ఆయన పక్క సీట్లో ఉన్నారు, నడిపింది స్నేహితుడు. అసలు కారణం వేగమే అని దర్యాప్తులో తేల్చారు. టైర్ల వయసు తొమ్మిదేళ్ళనీ, దానివల్ల కారు అదుపు తగ్గి ఉండొచ్చనీ కూడా చెప్పారు. అది లక్షల డాలర్ల కారు.

బాక్స్‌స్టర్‌కి ముందు టైర్లు ఒక సైజు, వెనకవి ఇంకో సైజు. ముందువి వెనక్కి మార్చి సర్దుకోవడం కుదరదు. ఇంజిన్ మధ్యలో ఉండే కారు కాబట్టి మలుపులో భయపడి ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పక్కకి జారుతుంది. పాత వాటిలో చాలావాటికి స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా తనంతట తానే అదుపు చేసే ఏర్పాటు) కూడా లేదు. కారు ధరతోపాటే నాలుగు టైర్ల ధర కలుపుకుని లెక్క చూడండి.

ఇంజిన్

మనవాళ్ళు ఎక్కువగా పడేది రెండు కార్ల మీద.

ఒకటి 1997-2004 బాక్స్‌స్టర్. అందులో ఇంజిన్ లోపల ఒక షాఫ్ట్‌ని పట్టి ఉంచే ఐఎంఎస్ బేరింగ్ అని అరచేతిలో పట్టే ముక్క ఒకటుంది. అది విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. ఆ ఇంజిన్ ఖర్చు కారు ధరను దాటిపోతుంది. ఓనర్లు కోర్టుకెళ్తే 2001-2005 మోడళ్ళకి సెటిల్‌మెంట్ వచ్చింది కానీ దాని గడువు ఎప్పుడో అయిపోయింది. బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అందుకే క్లచ్ మార్చేటప్పుడే అదీ చేయిస్తారు. అమ్మేవాడు మార్పించానంటే బిల్లు అడగండి. బిల్లు మీద మీరు కొనే కారు విన్ నంబరు (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉండాలి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క.

రెండోది మాజ్దా ఆర్ఎక్స్-8. రోటరీ ఇంజిన్, అంటే పిస్టన్ల బదులు మూడు కొసల రోటర్లు తిరుగుతాయి, పరిమాణం 1.3 లీటర్లే. రోటర్ కొసల్లో ఉండే అపెక్స్ సీళ్ళు అరిగితే కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) పోతుంది. మామూలు గేజ్‌తో అది సరిగ్గా తెలియదు, రోటరీ టెస్టర్ ఉన్నచోటే చూపించాలి. అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఈడ్చుకుంటూ అందుకుంటే తాళాలు ఇచ్చేసి వచ్చేయండి. ఇది ఆయిల్ తాగే ఇంజిన్, తయారీయే అలాంటిది. పెట్రోల్ పోయించినప్పుడల్లా ఆయిల్ చూడాలి. మా అపార్ట్‌మెంట్లో ఒకతను అది తెలియక రెండో నెలలోనే ఇంజిన్ పోగొట్టుకున్నాడు. బాగుచేయించడానికి డబ్బు లేదు, అమ్మితే కొనేవాడు లేడు. కారు ధరకే అంతా పెట్టేశాడు కదా.

ఆర్ఎక్స్-8, హోండా ఎస్2000 రెండూ టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్‌లో (లోపం ఉందని మార్చడానికి వెనక్కి పిలిచిన కార్లలో) ఉన్నాయి. బ్యాగ్‌ని ఉబ్బించే లోపలి ఇన్‌ఫ్లేటర్ పగిలితే ఇనప ముక్కలు ముఖానికి తగలొచ్చు. రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో విన్ కొడితే రీకాల్ పెండింగ్ ఉందో లేదో వస్తుంది. డీలర్ దగ్గర ఉచితంగా మారుస్తారు. మార్చేదాకా నడపకండి.

కాగితాలు, ఇన్సూరెన్స్

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. పెద్ద నగరాల కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది కానీ అందులో టైర్లూ బ్రేకులూ చూడరు. ఇక చూసుకోవాల్సింది మీరే.

వ్యక్తి దగ్గర కొంటే 6.25 శాతం టాక్స్. మీరు తక్కువకి కొన్నా, ప్రభుత్వం అనుకునే విలువలో 80 శాతం మీ ధరకన్నా ఎక్కువైతే దాని మీదే కట్టాలి. చవగ్గా కొన్నాం కాబట్టి టాక్సూ తక్కువే అనుకోకండి, అదీ ఆ మూడు వేలలోంచే పోతుంది.

లయబిలిటీ (అవతలివాళ్ళ నష్టానికే ఇచ్చే ఇన్సూరెన్స్) మాత్రమే తీసుకుంటే దాంట్లోంచి మీ కారుకి ఒక్క డాలర్ రాదు. ఆ అబ్బాయికీ రాలేదు. పైగా టో యార్డు రోజు లెక్కన అద్దె వేసింది.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూస్తానని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజిన్ పక్కన చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ తీసుకెళ్ళండి. మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) రెడీ కాలేదని చూపిస్తే కోడ్‌లు ఈమధ్యే చెరిపేశారని అనుమానించండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. హ్యూస్టన్ వైపు కారైతే తప్పకుండా చూడండి, 2017లో హార్వీ తుఫానుకి అక్కడ లక్షల కార్లు మునిగాయి. సాల్వేజ్ టైటిల్ (బాగా దెబ్బతిన్న కారని రాసినది) వద్దు. రీబిల్ట్ (అలాంటిదాన్నే బాగుచేసినది) వద్దు. టైటిల్ మీద పేరు, అమ్మేవాడి లైసెన్స్ మీద పేరు ఒకటి కాకపోతే వద్దు. అడ్వాన్స్ పంపొద్దు. రాత్రిపూట చూడొద్దు. సొంత మెకానిక్‌కి చూపించనివ్వకపోతే వచ్చేయండి. ఇన్సూరెన్స్ కోట్ కొనకముందే తీయండి. క్రెడిట్ కార్డు మీద కొనొద్దు. రూమ్మేట్ దగ్గర అప్పు చేసి కొనొద్దు. ఉన్నదంతా కారు ధరకి పెట్టొద్దు. బేరం ఎంత బాగున్నా పెట్టొద్దు. ఇంకెవరో కొనేస్తారని అమ్మేవాడు తొందరపెడితే కొననివ్వండి. ఉద్యోగానికి వెళ్ళడానికి ఇదొక్కటే కారైతే అసలు కొనొద్దు, టయోటా కామ్రీయో కరోలాయో కొనుక్కోండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఈ రాత్రే కిందకి వెళ్ళి నాలుగు టైర్ల కోడ్‌లూ చూడండి. తేదీ బయటి వైపు కనిపించకపోతే లోపలి వైపు ఉంటుంది. నేల మీద పడుకుని, ఫోన్ లైట్ వేసి చదవండి. చివరి రెండంకెలు మరీ పాతవైతే, రేపు వాన ఉంటే, బస్సెక్కండి.