మనుషులంతా ఒకే ఊరివాళ్ళయితే: చిన్న యూనిట్లలో భర్తీ పద్ధతి మార్చుకోవడం ఎలా

చిన్న యూనిట్లలో భర్తీ ఒక్క మాటతో అయిపోతుంది: "ఎవరైనా తెలిసినవాళ్ళుంటే తీసుకురా మేస్త్రీ." ఖర్చుండదు, నమ్మకం ఉంటుంది. కానీ రెండేళ్ళు తిరిగేసరికి ప్యాకింగ్‌లోని 40 మందిలో 28 మంది ఒకే ఊరివాళ్ళు, చాలావరకు బంధువులు అవుతారు. ఆ ఊళ్ళో పెళ్ళయినా, జాతరొచ్చినా, మేస్త్రీకి కోపమొచ్చినా లైన్ ఆగుతుంది. రకరకాల మనుషుల్ని తీసుకుంటే యజమానికి దక్కే మొదటి లాభం ఈ ఆగడం తగ్గడమే.

ముందు గడిచిన 12 నెలల హాజరు పట్టీ తీయండి. ఐదో వంతు కంటే ఎక్కువమంది రాని రోజులకు ఎర్ర గీత పెట్టి, పక్కన కారణం రాయండి. ఇంకో కాగితం మీద ఎవరిది ఏ ఊరు, ఎవరు తెచ్చారు అన్నది రాయండి. రెండూ పక్కపక్కన పెడితే విషయం తెలిసిపోతుంది. ఏ సెక్షన్‌లోనూ ఒకే దారిన, అంటే ఒకే ఊరి నుంచో ఒకే మనిషి ద్వారానో, వచ్చినవాళ్ళు మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఉన్నవాళ్ళని తీసేయకండి, అది అన్యాయం. ఖాళీ అయిన చోటల్లా కొత్త దారిలో నింపుకుంటూ పోతే చాలు.

అడ్డం వచ్చేది మేస్త్రీయే. మనుషుల్ని తేవడంలోనే అతని పట్టు, కమీషన్ ఉంటాయి. అతన్ని పక్కన పెడితే పని చెడుతుంది. డబ్బు ఇచ్చే లెక్క మార్చండి: తెచ్చిన మనిషికి ఇంత అని కాకుండా, ఎవరు తెచ్చినా సరే, అతను పని నేర్పిన మనిషి 90 రోజులు నిలిస్తే ఇంత అని.

తర్వాత పని చీటీ, అంటే ఏ పనికి ఎలాంటి మనిషి కావాలో చెప్పే కాగితం, రాయండి. "పదో తరగతి పాస్, బలంగా ఉండాలి" అని రాసే అలవాటుంది. బలం దేనికి? 25 కిలోల పెట్టె మోయడానికైతే ట్రాలీ కొనండి. ఆ ఒక్క మాట వల్ల ఆడవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోతున్నారు. ఇంటర్వ్యూ బదులు అరగంట పని పరీక్ష పెట్టండి. 20 ప్యాకెట్లివ్వండి, వాటిలో 4 లోపమున్నవి కలపండి: సీల్ ఊడింది, తేదీ పడనిది, తూకం తగ్గింది, లేబుల్ తలకిందులైంది. అందరికీ అవే ఇవ్వాలి. ఇద్దరు సూపర్‌వైజర్లు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా వేయాలి. "మనోడే" అన్న మాటకి అక్కడ చోటుండదు.

చెకింగ్, ప్యాకింగ్ లాంటి పనుల్లో వినికిడి లేనివాళ్ళని తీసుకోవడానికి చాలామంది భయపడతారు. కావలసిన మార్పులు కొన్నే: ఫోర్క్‌లిఫ్ట్ హారన్‌తోపాటు వెలిగి ఆరే లైటు, మూలమలుపుల్లో కుంభాకార అద్దం, నేలమీద నడక దారికి పసుపు గీత, ఫైర్ అలారానికీ లైటు, టాయిలెట్లో కూడా. అసలు పొరపాటు ఇంకోచోట జరుగుతుంది. కాగితం మీద రాసిస్తే సరిపోతుందనుకుంటారు. పుట్టుకతో వినికిడి లేనివాళ్ళలో చాలామందికి సైగల భాషే మొదటి భాష. రాసిన తెలుగు సగమే అర్థం కావచ్చు. అడిగితే మర్యాదకి తలూపుతారు, తప్పు మర్నాడు సరుకులో కనబడుతుంది. అందుకే చేసి చూపించి, వాళ్ళచేత చేయించి చూడాలి. ఆపు, తప్పు, మళ్ళీ లెక్కపెట్టు, ప్రమాదం లాంటి 30 సైగలు లైన్‌లో అందరూ నేర్చుకోవాలి. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన 10,000 పదాల నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్కరినే తీసుకోకండి, కనీసం ఇద్దరిని ఒకేసారి చేర్చండి. భోజనాల దగ్గర మాట్లాడుకునే మనిషి లేక మానేసేవాళ్ళూ ఉంటారు. ఆడవాళ్ళు లేని సెక్షన్‌కి మొదటిసారి ఆడవాళ్ళని తెచ్చేటప్పుడూ ఇదే మాట.

ఆడవాళ్ళ విషయంలో యజమానులు బయటికి చెప్పని లెక్క ప్రసూతి సెలవు. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకీ అది 26 వారాలు. అయితే నెలజీతం 21,000 రూపాయల లోపుండి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కిందికి వచ్చే కార్మికురాలికి ఆ డబ్బు చెల్లించేది ఈఎస్ఐ. యజమాని జేబులోంచి పోదు. ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజులకి తగ్గకుండా చందా కట్టి ఉండాలి. చేరిన రోజునే ఈఎస్ఐలో పేరెక్కించకుండా సాగదీస్తే ఆ తల్లికి డబ్బు రాదు, బాధ్యత మీ నెత్తిన పడుతుంది. 10 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది: అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద ఉండాలి. షిఫ్టు వదిలే సమయం మాత్రం ఆ చట్టం చెప్పదు. చివరి బస్సు 6.10కైతే 5.45కి వదలండి. ఆ పాతిక నిమిషాలు చాలామందిని పనిలో నిలబెడతాయి.

జీతం అందరికీ ఒకే పట్టీ. ఒకే పనికి రెండు రేట్లు పెడితే పైన చేసినదంతా వృథా.

ఆరు నెలలకోసారి మూడు అంకెలు చూడండి: 90 రోజుల్లోపు మానేసినవాళ్ళెందరు, తిరిగొచ్చిన పెట్టెలెన్ని, ఎర్ర గీత పడ్డ రోజులెన్ని. మొదటి రెండు నెలలు నేర్పే ఖర్చు పెరుగుతుంది, కంగారు పడకండి. సంక్రాంతి, రంజాన్, క్రిస్మస్‌లకు 45 రోజుల ముందే సెలవు చీటీలు తీసుకుని, ఎవరి పండగ వాళ్ళకి మొదట రాసేయండి. మిగిలిన పేర్లతో కనుమ రోజు లైన్ ఎంతమందితో నడుస్తుందో అప్పుడే తేలిపోతుంది.