మోడ్ యాప్ కోసం రూట్ దాకా వెళ్లాలా?

మోడ్ యాప్ (అసలు యాప్‌ను వేరేవాళ్లు మార్చి చేసిన వెర్షన్) మొరాయించగానే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన "రూట్ చేసేస్తే పోలా" అని. రూట్ అంటే ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం. నేనైతే ముందు లోపం ఎక్కడుందో చూస్తాను. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

సమస్య: "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అని వస్తోంది.

కారణం: ప్రతి ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) మీద డెవలపర్ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ కీ మోడ్ చేసినవాళ్ల దగ్గర ఉండదు, తమ కీతో సంతకం చేస్తారు. ప్యాకేజీ పేరు (ఫోన్ యాప్‌ను గుర్తుపట్టే పేరు) అదే, సంతకం వేరు అయితే ఆండ్రాయిడ్ పాత యాప్ మీద ఎక్కనివ్వదు.

పరిష్కారం: బ్యాకప్ తీసుకుని అసలు యాప్‌ను తీసేసి, మోడ్ వేయండి. ఫోన్‌తో పాటే వచ్చిన యాప్ అయితే అప్‌డేట్లు మాత్రమే పోతాయి, యాప్ పోదు. అప్పుడు ప్యాకేజీ పేరు మార్చిన మోడ్ వాడాలి. పేరు మారకుండా అసలు యాప్ స్థానంలోనే కూర్చోవాలంటే మాత్రం రూట్ కావాలి. నా లెక్కలో మోడ్ యాప్‌ల విషయంలో రూట్‌కి మిగిలిన గట్టి కారణం ఇదే.

సమస్య: యాప్ తెరుచుకుంటోంది, గూగుల్ లాగిన్ కావట్లేదు.

మళ్లీ సంతకం గొడవే. మైక్రోజీకి (గూగుల్ సర్వీసులకు బదులు వాడే ఓపెన్ సోర్స్ యాప్) తగ్గట్టు ప్యాచ్ చేసిన, అంటే మార్చిన వెర్షన్ వేసి, మైక్రోజీ కూడా ఇన్‌స్టాల్ చేయండి. రూట్ అక్కర్లేదు.

సమస్య: రూట్ చేశాక బ్యాంక్ యాప్ మొహం చాటేసింది.

కారణం: ఇలాంటి యాప్‌లు చాలావరకు ప్లే ఇంటెగ్రిటీని (ఫోన్ నమ్మదగినదో కాదో చెప్పే గూగుల్ తనిఖీ) అడుగుతాయి. రూట్ చేసే టూల్ మ్యాజిస్క్‌లోని డినైలిస్ట్, ఎంచుకున్న యాప్‌ల నుంచి రూట్ జాడలను కొంతవరకు దాచగలదు కానీ బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్, రూట్ కోసం దీని లాక్ తీస్తారు) అన్‌లాక్ అయిన సంగతిని దాచలేదు. పైగా 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో హార్డ్‌వేర్ సాక్ష్యం (ఫోన్ లోపలి భద్రతా చిప్ ఇచ్చే రుజువు) చూస్తున్నారు. దాన్ని ఏమార్చే మాడ్యూళ్లు (మ్యాజిస్క్‌కి జోడించే చిన్న ప్యాకేజీలు) ఉన్నాయి. నేనూ వాడాను. రాత్రి పనిచేసింది, పొద్దున బిల్లు కట్టబోతే యాప్ తెరుచుకోలేదు. ఆ టెన్షన్ నాకొద్దు.

పరిష్కారం: రూట్ వదిలేయడమే. ఒరిజినల్ ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్) పూర్తిగా ఎక్కించాకే బూట్‌లోడర్ లాక్ చేయండి. రూట్ కోసం మార్చిన బూట్ ఇమేజ్ (ఫోన్ ఆన్ కావడానికి వాడే సిస్టమ్ ఫైల్) ఉండగా లాక్ చేస్తే ఫోన్ ఆన్ కాకుండా ఇటుకైపోవచ్చు. లాక్ చేసినా, అన్‌లాక్ చేసినా డేటా చెరిగిపోతుంది. శామ్‌సంగ్‌లో నాక్స్ ఫ్యూజ్ (సిస్టమ్‌ను మార్చారని శాశ్వతంగా గుర్తుపెట్టే హార్డ్‌వేర్ ఏర్పాటు) ఒకసారి కాలితే ఇక వెనక్కి రాదు. మళ్లీ లాక్ చేసినా సెక్యూర్ ఫోల్డర్ (ఫైళ్లు, యాప్‌లు దాచుకునే శామ్‌సంగ్ ఫీచర్) దక్కదు.

సమస్య: మాడ్యూల్ వేశాక లోగో దగ్గరే ఆగిపోయింది.

ఫోన్ ఫార్మాట్ చేసేయకండి. చాలా ఫోన్లలో లోగో కదులుతుండగా వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది, మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నీ ఆగిపోతాయి. రీస్టార్ట్ చేసి, చివరగా వేసినదాన్ని తీసేయండి.