అమెరికా బడిలో పిల్లల గైర్హాజరు: ఏది ఎక్స్‌క్యూజ్డ్, ఏది కాదు, తల్లిదండ్రులు ఏం చేయాలి?

మన ఊళ్లో పిల్లలు బడి మానేస్తే మర్నాడు తండ్రి సంతకంతో సెలవు చీటీ పంపేవారు. అందులో కారణం జ్వరమైనా, మేనమామ పెళ్లైనా హెడ్మాస్టరు గారు చూసి పక్కన పెట్టేవారు. ఆ అలవాటుతోనే అమెరికాకు వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడి టీచరుకూ ఒక ఈమెయిలు పెట్టి, చెప్పేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. కొన్ని వారాలకు ‘ట్రూయెన్సీ’ (మన్నింపు లేకుండా బడి మానడం) అన్న మాటతో బడి నుంచి ఉత్తరం వస్తే కంగారు పడతారు. ఇక్కడ మనం చెప్పడం వేరు, బడి ఒప్పుకోవడం వేరు. రాష్ట్ర చట్టమో, స్థానిక బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ నియమావళో ఒప్పుకున్న కారణానికి, అడిగిన పద్ధతిలో, గడువులోగా తెలియజేస్తేనే అది ఎక్స్‌క్యూజ్డ్ గైర్హాజరు అవుతుంది. తక్కినదంతా, మనకు ఎంత న్యాయంగా తోచినా, అన్‌ఎక్స్‌క్యూజ్డ్ గానే నమోదవుతుంది.

మొదటి అడుగు: మీ రాష్ట్రం ఒప్పుకునే కారణాలను చదవండి

హాజరు విషయంలో దేశమంతటికీ ఒకే చట్టం లేదు. కాలిఫోర్నియాలో 6 నుంచి 18 ఏళ్ల వరకు, టెక్సస్‌లో 6 నుంచి 19వ పుట్టినరోజు వరకు పిల్లలు బడికి వెళ్లడం తప్పనిసరి. కాలిఫోర్నియా జాబితాలో అనారోగ్యం, డాక్టరు అపాయింట్‌మెంట్, దగ్గరి బంధువుల మరణం, మతపరమైన పండుగ, పౌరసత్వ ప్రమాణ కార్యక్రమం వంటివి ఉన్నాయి. 2021లో చేసిన సవరణలతో మానసిక ఆరోగ్యం, సాంస్కృతిక వేడుకలు కూడా అందులో చేరాయి. టెక్సస్‌లో పండుగ రోజుతో పాటు ఆ పండుగకు వెళ్లడానికి ఒక రోజు, తిరిగి రావడానికి ఒక రోజు మన్నింపు ఉంటుంది. అక్కడ డాక్టరు అపాయింట్‌మెంట్ ఉన్న రోజున పిల్లలు కొంతసేపైనా బడిలో ఉండి, తరువాత డాక్టరు నోటు తెచ్చి ఇస్తే ఆ రోజు హాజరుగానే లెక్కకు వస్తుంది. కాబట్టి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మొత్తం బడి మాన్పించనక్కరలేదు.

కుటుంబ విహారయాత్ర, డిసెంబరు మొదటి వారంలో విమాన టికెట్ చవకగా దొరకడం ఈ రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ లేవు.

పండుగల గురించి ఒక మాట. న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ బడులకు దీపావళి సెలవు ఉండాలని 2023లో చట్టం వచ్చింది. మతపరమైన పండుగలకు న్యూజెర్సీ విద్యామండలి ఏటా ఒక జాబితా ప్రకటిస్తుంది. సంక్రాంతి, ఉగాది అంటే అటెండెన్స్ ఆఫీసులో కూర్చున్న వారికి తెలియకపోవచ్చు. పండుగ పేరు, తేదీ, అది మా మతాచారం అన్న వాక్యం రాసి ముందుగానే పంపితే వారికి నిర్ణయం తేలికవుతుంది.

రెండో అడుగు: సరైన వారికి, సరైన సమయంలో తెలియజేయండి

మేము పొరపాటు చేసింది ఇక్కడే. మా అమ్మాయికి జ్వరం వచ్చిన 2 రోజులూ క్లాసు టీచరుకు వివరంగా రాశాము, ఆమె ఎంతో ఆప్యాయంగా జవాబూ ఇచ్చారు. కానీ హాజరు నమోదు చేసేది అటెండెన్స్ ఆఫీసు, వారికి మా నుంచి ఒక్క ముక్కా అందలేదు. రెండు రోజులూ అన్‌ఎక్స్‌క్యూజ్డ్ గా పడ్డాయి.

కాబట్టి బడి వెబ్‌సైటులో హాజరుకు సంబంధించిన ఫోను నంబరు, ఈమెయిలు, పేరెంట్ పోర్టల్‌లోని ఫారం ఏవో వెతికి ఫోనులో దాచుకోండి. పిల్లల పూర్తి పేరు, తరగతి, తేదీలు, కారణం, మీ పేరు రాసి అదే రోజు ఉదయం పంపండి. చాలా డిస్ట్రిక్టులు నోటు ఇవ్వడానికి కొద్ది రోజుల గడువే ఇస్తాయి, అది దాటితే నిజమైన జ్వరం కూడా మన్నింపు లేనిదిగా మిగిలిపోతుంది. వారం తరువాత పోర్టల్ తెరిచి, ఆ రోజుకు ఏ కోడ్ పడిందో తప్పక చూడండి.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఊరికి వెళ్లి జ్వరమని రాయకండి. తిరిగి వచ్చిన మర్నాడే తాతయ్య గారి ఊళ్లో ఏం చూశారో పిల్లలు క్లాసులో చెబుతారు, చెప్పాలి కూడా. మన అబద్ధాన్ని వారిచేత మోయించడం న్యాయం కాదు.

మూడో అడుగు: మొత్తం రోజులను లెక్క పెట్టుకోండి

ఎక్స్‌క్యూజ్డ్ అయితే ఎన్ని రోజులైనా ఫరవాలేదనుకోవడం చాలామంది పడే పొరపాటు. బడి జరిగిన రోజుల్లో 10 శాతం, ఆపైన రాకపోతే దాన్ని క్రానిక్ ఆబ్సెంటీయిజం అంటారు, ఈ లెక్కలో సాధారణంగా కారణంతో పని ఉండదు. ఏడాదికి 180 రోజుల బడి అనుకుంటే హద్దు 18 రోజులు. శీతకాలంలో జ్వరాలకు 6 రోజులు, పళ్ల డాక్టరుకు 2 రోజులు, సెలవులకు అటూ ఇటూ కలిపి ఇండియా ప్రయాణానికి 10 రోజులు పోతే హద్దు చేరినట్టే. టెక్సస్‌లో దీనికి తోడు మరో నియమం ఉంది: క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ సబ్జెక్టుకు క్రెడిట్ (పూర్తి చేసినట్టు గుర్తింపు) ఆగిపోవచ్చు, అప్పుడు అటెండెన్స్ కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. మన దగ్గర 75 శాతం హాజరుకు అలవాటు పడిన వారికి ఇది కఠినంగా తోస్తుంది. కాలిఫోర్నియా, టెక్సస్ రెండింటిలోనూ బడులకు నిధులు సగటు రోజువారీ హాజరును బట్టి అందుతాయి, బడి వారు ఇంతగా ఫోన్లు చేయడానికి అదీ ఒక కారణమే.

నాలుగో అడుగు: ఇండియా ప్రయాణానికి ముందే బడితో మాట్లాడండి

అన్నిటికంటే బాధాకరమైనది ఊళ్లో పెద్దవారు పోయారన్న కబురు. కాలిఫోర్నియాలో తాతయ్య, నాయనమ్మ వంటి దగ్గరి బంధువులు పోయినప్పుడు 5 రోజుల వరకు మన్నింపు ఉంటుంది. రానూ పోనూ ప్రయాణానికే 3, 4 రోజులు పట్టే మనకు, పెద్దకర్మ దాకా ఉండాలంటే అది చాలదు. మిగిలిన రోజులను సాంస్కృతిక వేడుక కింద పరిగణించమని ప్రిన్సిపాలుకు రాసి అడగవచ్చు. మన కర్మకాండ ఎన్నాళ్లు సాగుతుందో, అందులో మనవడి పాత్ర ఏమిటో రెండు వాక్యాల్లో వివరిస్తే సానుభూతితో వినేవారే ఎక్కువ.

ముందే తెలిసిన ప్రయాణమైతే కాలిఫోర్నియాలో ఇండిపెండెంట్ స్టడీ అనే ఏర్పాటు గురించి అడగండి. తల్లిదండ్రులు, విద్యార్థి, టీచరు సంతకాలు చేసే రాతపూర్వక ఒప్పందం అది. ఇచ్చిన పని పూర్తి చేసి చూపితే ఆ రోజులు హాజరుగా లెక్కకు వస్తాయి. టికెట్లు కొనకముందే అడగడం మేలు, ఎందుకంటే ప్రతి బడీ ప్రతి ప్రయాణానికీ దీన్ని ఇవ్వాలన్న నియమం లేదు.

నెల దాటే ప్రయాణంలో మరో ప్రమాదం ఉంది. వర్జీనియాలో వరసగా 15 బడి రోజులు రాని విద్యార్థి పేరు హాజరు పట్టీ నుంచి తీసేస్తారు. తిరిగి వచ్చాక చిరునామా రుజువులతో మళ్లీ చేర్పించాలి. ప్రత్యేక ప్రోగ్రాముల్లో సీటు ఉంటే అది అలాగే ఉంటుందో లేదో బయలుదేరేముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

అయిదో అడుగు: పోయిన పాఠాలు, పరీక్షల గురించి అడగండి

గైర్హాజరు ఎక్స్‌క్యూజ్డ్ అయితే పోయిన హోంవర్కును, పరీక్షలను తగిన గడువులో పూర్తి చేసుకునే అవకాశాన్ని కాలిఫోర్నియా, టెక్సస్ చట్టాలు రెండూ ఇస్తాయి. అన్‌ఎక్స్‌క్యూజ్డ్ అయితే అది డిస్ట్రిక్ట్ నియమం మీద, టీచరు మంచితనం మీద ఆధారపడుతుంది.

ఆరో అడుగు: ఉత్తరం వస్తే ఆ వారమే జవాబివ్వండి

కాలిఫోర్నియాలో ఒక విద్యా సంవత్సరంలో 3 పూర్తి రోజులు మన్నింపు లేకుండా రాకపోయినా, 3 సార్లు 30 నిమిషాలకు మించి ఆలస్యమైనా ఆ విద్యార్థిని చట్టం ట్రూయెంట్ అంటుంది. టెక్సస్‌లో మన్నింపు లేకుండా 4 వారాల్లో 3 రోజులు, లేదా రోజులో కొంత భాగం చొప్పున 3 సార్లు మానేస్తే హెచ్చరిక వస్తుంది, 6 నెలల్లో అలాంటివి 10 అయితే కోర్టు దాకా వెళ్లవచ్చు. అయినా మొదటి ఉత్తరం చాలాసార్లు కంప్యూటర్ నుంచి దానంతట అదే వెలువడేదే, అది మీ మీద ఎవరో వేసిన నింద కాదు. ఉత్తరంలోని తేదీలను పోర్టల్‌తో సరిపోల్చి, డాక్టరు నోటు, ఈమెయిలు కాపీలు జతచేసి, ఫలానా తేదీల కోడ్ సరిదిద్దమని అటెండెన్స్ ఆఫీసుకు రాయండి. కారణం నిజంగానే జాబితాలో లేనిదైతే ఆ మాట ఒప్పుకుని, బడి పిలిచిన సమావేశానికి తప్పక వెళ్లండి. ఇంగ్లీషులో మాట్లాడడం కష్టమనిపిస్తే తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమని ముందుగా అడగండి, దానికి మీరు డబ్బు కట్టనక్కరలేదు.