క్లస్టర్‌లో పెద్ద జాబ్ వేసే ముందు జాగ్రత్తలు

శుక్రవారం సాయంత్రం క్లస్టర్‌లో (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) జాబ్ (నడపమని ఇచ్చే ప్రోగ్రామ్) వేసేసి ఆర్కే బీచ్‌కి పోదామనుకునేవాళ్ల కోసం ఇది.

• ముందు చిన్న ట్రయల్. మూడు రోజుల తుపాను సిమ్యులేషన్ అయితే అందులో పది నిమిషాల ముక్క ఒక్క నోడ్ (క్లస్టర్‌లో ఒక కంప్యూటర్) మీద, ఆపైన 2, 4, 8 నోడ్ల మీద నడపండి. కోడ్‌లో 5 శాతం సమాంతరంగా నడవనిదైతే, ఎన్ని వేల కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఇచ్చినా వేగం 20 రెట్లు దాటదు. ఆమ్డాల్ సూత్రం అదే.

• థ్రెడ్ల (ఒక ప్రాసెస్ లోపల పక్కపక్కనే నడిచే పనుల) లెక్క. నేను మునిగింది ఇక్కడే. 32 కోర్ల నోడ్ మీద 32 ఎంపీఐ ప్రాసెస్‌లు (సందేశాలు పంపుకుంటూ పని పంచుకునే ప్రోగ్రామ్ కాపీలు) పెట్టాను. మ్యాథ్ లైబ్రరీ తనంతట తాను ఒక్కోదానికీ 32 థ్రెడ్లు తెరిచింది. మొత్తం 1024! టాప్ కమాండ్ (ఏది ఎంత లోడ్ వేస్తోందో చూపేది) కొట్టి చూస్తే లోడ్ ఆకాశంలో, పని నత్తనడక. స్క్రిప్ట్‌లో థ్రెడ్ల సంఖ్య 1 అని ఒక్క లైను రాసుంటే రాత్రంతా టెన్షన్ ఉండేది కాదు.

• లాగిన్ నోడ్ (మనం లాగిన్ అయ్యే మెషీన్) కొత్తది, కంప్యూట్ నోడ్ (జాబ్ నడిచే మెషీన్) పాతది అయితే ‘మార్చ్ నేటివ్’తో (కంపైల్ చేసే మెషీన్ ప్రాసెసర్‌కే తగ్గట్టు కోడ్ తయారుచేసే ఆప్షన్) కంపైల్ చేయకండి. ప్రోగ్రామ్ ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చచ్చిపోవచ్చు.

• అవుట్‌పుట్ స్క్రాచ్‌లోకే (తాత్కాలిక ఫైళ్ల డిస్క్). హోమ్ కోటా (మీ సొంత ఫోల్డర్‌కిచ్చిన స్థలం పరిమితి) చూసుకోండి.

• చెక్‌పాయింట్ (ఆగితే అక్కడి నుంచే మొదలెట్టేలా మధ్యమధ్యలో ఫైల్లో దాచుకోవడం). 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. అంత దాకా ఎందుకు, కరెంటు ఒక్కసారి ట్రిప్ అయినా చాలు. ఫైలు రాస్తోందని ఊరుకోకుండా, జాబ్‌ని మధ్యలో మీరే చంపి, మళ్లీ అక్కడి నుంచే లేస్తుందా చూడండి.

• స్లర్మ్‌లో (జాబ్‌లను క్యూలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) జాబ్‌కి ఎంత టైమ్ కావాలో ట్రయల్‌ని బట్టి అడగండి. భయపడి గరిష్ఠం అడిగితే వేరే జాబ్‌ల మధ్య ఖాళీల్లో దూరే ఛాన్స్ పోయి క్యూలోనే ఉంటారు.