గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు, ఆయిల్ మారిస్తే సరిపోయింది (నా అనుభవం)

మా ఆటోమేటిక్ కారు పొద్దున్నే స్టార్ట్ చేసి డి (డ్రైవ్ గేర్) లో పెడితే రెండు సెకన్లు ఏమీ అయ్యేది కాదు, తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపు. 2 నుంచి 3కి మారేటప్పుడైతే ఇంకా ఘోరం, వెనక సీట్లో పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ పెట్టి చూసి కోడ్స్ (లోపం ఉంటే కంప్యూటర్లో కనిపించే నంబర్లు) ఏమీ లేవు కానీ గేర్‌బాక్స్ మార్చేయండి అన్నారు, కోడ్ లేకుండా అంత ధీమాగా ఎలా చెప్పారో మరి!

నాకు మనసొప్పక తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన ముందు డ్రెయిన్ బోల్ట్ విప్పి గేర్‌బాక్స్ ఆయిల్ చూపించాడు, ఎర్రగా ఉండాల్సింది డికాక్షన్‌లా నల్లగా, మాడు వాసన. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లో మాగ్నెట్‌కి బూడిదరంగు మెత్తటి పేస్ట్ మాత్రమే అంటుకుంది, అది మామూలు అరుగుదలేనట, ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఏదో పోయినట్టే అన్నాడు. ఫిల్టర్ మార్చి, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే పోశాం. ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తం రాదు, చాలావరకు టార్క్ కన్వర్టర్లోనే (ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉండిపోతుంది, అందుకే కొన్ని రోజులు నడిపి మళ్ళీ మార్చి, అలా 3 సార్లు చేశాం. ఈ ఆయిల్ లెవెల్ కూడా ఇంజన్ వేడెక్కాకే చూడాలట, నేను ఇన్నాళ్ళూ చల్లగా ఉన్నప్పుడు చూసేవాణ్ణి.

రెండోసారికే తన్నడం తగ్గింది. ఇప్పుడు బాగా చలి ఉన్న పొద్దున మాత్రం కాస్త లేటుగా పడుతుంది గేర్, అంతే.