ఆగి, మళ్ళీ స్టార్ట్ అయిన కారుతో కొండెక్కకండి

పోయిన మే నెలలో పీలేరులో పెళ్ళి చూసుకుని తిరుపతికి వస్తున్నాం. భాకరాపేట ఘాట్‌లో, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, మా కారు ఉన్నట్టుండి ఆఫ్ అయిపోయింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. పక్కనుంచి లారీలు. నలభై నిమిషాలు చెట్టు నీడలో కూర్చుని మళ్ళీ తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది. "ఎండకు వేడెక్కినట్టుంది, అంతే" అని అందరం అనుకున్నాం. ఆ మాటను నమ్మడమే నేను చేసిన పెద్ద తప్పు.

మర్నాడు ఒక గ్యారేజీలో చూపిస్తే కొత్త బ్యాటరీ వేశారు. రెండు వారాలకు కరకంబాడి రోడ్డులో మళ్ళీ అదే కథ. అప్పుడు తెలిసిన మెకానిక్ ఒకాయన వచ్చి, బానెట్ ఎత్తకముందే నన్ను ఒక మాట అడిగాడు. "సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కదుల్తా ఉందా సార్?" చూశాను. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే ఆ ముల్లు సున్నా మీద కదలకుండా పడుకుని ఉంది. "అయితే క్రాంక్ సెన్సార్ సార్. చల్లారితే మళ్ళా పని చేస్తాది, వేడెక్కితే మళ్ళా పోతాది" అన్నాడు. ఇంజిన్ తిరుగుడును కనిపెట్టి కారు కంప్యూటర్‌కు చెప్పే చిన్న భాగం అది. అదే నిజమైంది. దాని ఖర్చు నేను అనవసరంగా కొన్న బ్యాటరీలో పావు వంతు కూడా లేదు.

ఎండాకాలం సెలవులు మొదలైతే తిరుమలకు వచ్చే కార్లకు లెక్క ఉండదు. బయటి ఊళ్ళ నుంచి బంధువులు దిగుతారు, మన కారులోనే కొండకు తీసుకెళ్ళాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో అలిపిరి దగ్గర తనిఖీ కోసం కార్ల వరుసలో మెల్లగా జరుగుతుంటాం. ఏసీ ఆన్‌లో ఉంటుంది, ఇంజిన్‌కు ఎదురుగాలి ఉండదు. అక్కడ బాగా కాగిన ఇంజిన్‌తోనే వెంటనే ఘాట్ ఎక్కడం మొదలుపెడతాం. లోపల ఏదైనా వేడికి వదిలేసే భాగం ఉంటే, అది వదిలేసేది సరిగ్గా అక్కడే. అందుకే కారు ఈ మధ్య ఒక్కసారైనా దానంతట అదే ఆగి, తర్వాత స్టార్ట్ అయి ఉంటే, కారణం దొరికేదాకా కొండకు తీసుకెళ్ళకండి. బస్సులు ఉన్నాయి, జీపులు ఉన్నాయి.

బయల్దేరడానికి వారం ముందు ఇంటి ముందే ఒక పరీక్ష చేయండి. మధ్యాహ్నం ఎండలో కారును న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఏసీ వేసి ఇరవై నిమిషాలు ఇంజిన్ నడవనివ్వండి. మూసిన షెడ్డులో మాత్రం వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో కంటితో చూడండి. వేడి చూపించే ముల్లు మధ్య దాటకూడదు. తర్వాత ఇంజిన్ ఆపి, పది నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఈ పది నిమిషాలు ముఖ్యం. ఇంజిన్ ఆపగానే నీళ్ళు తిరగడం, గాలి తగలడం రెండూ ఆగిపోతాయి కాబట్టి చుట్టుపక్కల భాగాలు కాసేపు ఇంకా వేడెక్కుతాయి. బలహీనంగా ఉన్న సెన్సార్ చాలాసార్లు ఈ సమయంలోనే బయటపడుతుంది. ఇంటి ముందు మొండికేస్తే టెన్షన్ ఏముంది? ఫోన్ చేస్తే మెకానిక్ వస్తాడు.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. అవి ఉప్పు నీళ్ళైతే లోపలి సన్నని గొట్టాలకు సున్నంలాగా పట్టేస్తుంది. కూలెంటే పోయించండి. బ్యాటరీకి మూడేళ్ళు దాటితే వోల్టేజి చూపించండి. రాత్రంతా ఆగి ఉన్న కారుకు 12.6 దగ్గర ఉంటే బాగున్నట్టు, 12.2 అంటే సగమే మిగిలినట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాదాపు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. రాకపోతే తప్పు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు ఉంది, కొత్త బ్యాటరీ వేసినా అది కూడా దారిలో అయిపోతుంది. ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి. ట్యాంకులో ఉండే పంపును చల్లగా ఉంచేది అందులోని పెట్రోలే. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు అడుగున ఉన్న కాస్త పెట్రోలు ఒక పక్కకు పోతే పంపుకు అందదు.

ఇక దారిలో ఆగిపోతే. పదేపదే సెల్ఫ్ కొట్టాలని చేయి లాగుతుంది, ఆపుకోండి. ముందు మనుషుల సంగతి చూడాలి. ఫుట్ బ్రేక్ గట్టిగా నొక్కి హ్యాండ్ బ్రేక్ లాగండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఎత్తు వైపు ముఖం పెట్టి ఆగితే మొదటి గేరు, దిగుడు వైపైతే రివర్స్ గేరు వేసి ఉంచండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టండి. స్టీరింగ్‌ను, కారు జారినా లోయ వైపు కాకుండా కొండ వైపే వెళ్ళేలా తిప్పండి. చక్రం కింద రాయి పెట్టండి. పిల్లల్ని, పెద్దవాళ్ళని కారు ముందూ వెనకా కాకుండా రోడ్డు పక్కకు, కంటికి కనిపించే చోటుకు దించండి. అడవిలోకి పోనివ్వకండి, చిరుతలు తిరిగే కొండలివి. ఎర్ర త్రికోణం బోర్డును వెనక వచ్చేవాళ్ళకు మలుపు తిరగకముందే కనిపించేలా పెట్టండి. మలుపు దాటాక కనిపిస్తే వాళ్ళకు బ్రేకు వేసే సమయం ఉండదు.

వేడి ముల్లు పైకి వెళ్ళి ఉన్నా, బానెట్ నుంచి ఆవిరి వస్తున్నా ఇంకేం వెతకొద్దు. కనీసం అరగంట ఆగాలి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడితో ఉన్న సలసల నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. కాగిన ఇంజిన్ మీద చన్నీళ్ళు కుమ్మరిస్తే పగుళ్ళు వస్తాయి.

వేడి మామూలుగానే ఉంటే, ఒకే ఒక్కసారి తాళం తిప్పి శ్రద్ధగా వినండి. కారు తన జబ్బు తానే చెబుతుంది. టక్ టక్ అని మాత్రమే వస్తే, లైట్లు కూడా మసకబారితే, బ్యాటరీ దగ్గర చూడాలి. టెర్మినల్ వదులై ఉండొచ్చు, చేత్తో కదిపి చూడండి. లైట్లు నిండుగా వెలుగుతూ ఒక్క టక్ మాత్రమే వస్తే స్టార్టర్ మోటారు మీద అనుమానం. సెల్ఫ్ హుషారుగా తిరిగి ఇంజిన్ అందుకోకపోతే మొదట ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు అది కొంచెమైనా లేవాలి. లేవకపోతే మా కారుకు వచ్చిన జబ్బే కావచ్చు. ఇంజిన్ ఏ క్షణంలో ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేది ఆ సెన్సారే. అది మూగబోతే నిప్పురవ్వ ఎప్పుడివ్వాలో, పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్‌కు తెలియదు.

ముల్లు లేస్తుంటే, అందర్నీ మాట్లాడకుండా ఉండమని తాళాన్ని ఆన్ వరకే తిప్పండి. చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నగా జుయ్ మని పంపు చప్పుడు వస్తుంది. రాకపోతే ముందు ఫ్యూజు, పంపుకు కరెంటు అందించే స్విచ్చు లాంటి రిలే, ఆ తర్వాత పంపు చూడాలి. ఫ్యూజు పెట్టెలో హారన్ రిలే కూడా అచ్చం అదే నంబరుదైతే, దాన్ని తీసి పంపు రిలే చోట పెట్టి చూడొచ్చు. తాళం బొమ్మ ఉన్న లైటు మిణుకుమంటుంటే కారు తాళాన్ని గుర్తుపట్టడం లేదు, రెండో తాళంతో ప్రయత్నించండి. సెల్ఫ్ మామూలుకంటే తేలిగ్గా, గిరగిరా తిరిగిపోతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. వాల్వులను నడిపే టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు, ఇంకో రెండుసార్లు తిప్పితే లోపల వాల్వులు వంగిపోయే ప్రమాదం ఉంది.

విన్నది, చూసింది ఫోన్‌లో వీడియో తీసుకోండి. మెకానిక్ వచ్చేసరికి కారు చల్లారి చక్కగా స్టార్ట్ అయితే, ఆ వీడియో ఒక్కటే సాక్ష్యం. మెకానిక్ కారు కంప్యూటర్‌కు స్కానర్ పెట్టినప్పుడు తప్పు ఎక్కడుందో చెబుతూ వచ్చే కోడ్ రాసుకున్నాకే బ్యాటరీ వైరు తీయమనండి, తీస్తే కోడ్ చెరిగిపోవచ్చు. పి0335 అని వస్తే అది క్రాంక్ సెన్సార్ సర్క్యూటే. సాయం కోసం 112 ఉంది. పూతలపట్టు–నాయుడుపేట లాంటి జాతీయ రహదారుల మీదైతే 1033కి చేయండి.

దిగేటప్పుడు ఆగితే ఆశ పుడుతుంది, అలాగే జారుకుంటూ అలిపిరి దాకా పోదామని. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు మనం దిగే దారి, దాని మలుపులు తెలిసినవాళ్ళు ఆ పని చేయరు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు అందే సాయం రెండు మూడు నొక్కులతో అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తీస్తే లాక్ కూడా పడొచ్చు. ఆగిన చోటే ఆగి క్రేన్ కోసం చూడండి.

కారు కదిలేటప్పుడు చక్రం కింద పెట్టిన రాయిని తీసి పిట్టగోడ పక్కన పడేయండి. చీకటిపడ్డాక వెనక వచ్చే బైకు మనిషికి అది కనపడదు.