ఒక్కళ్లే కూర్చుని దిగులు ఆల్బమ్ చేయాలంటే, ట్యూన్ పోకుండా

దిగులు పాటలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట దెబ్బ తింటారు, లిరిక్ బరువుగా ఉంటుంది, గొంతు బరువుగా ఉంటుంది, టెంపో నత్తనడక, పైనుంచి రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) ముంచేస్తుంది, ఇక వినేవాళ్లు పట్టుకోడానికి ఏమీ మిగలదు. నేనూ మొదట అలానే చేశా. రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఒకటే అనుకున్నా, మాట కుంగితే ట్యూన్ లేవాలి, ట్యూన్ కుంగితే మాట మామూలుగా ఉండాలి. మిగతా పనంతా దీన్నిబట్టే చేశా.

ముందు ట్యూన్. గిటార్ పక్కన పెట్టేసి ఫోన్‌లో ఊరికే హమ్ చేసి రికార్డ్ చేస్కోండి, ఎందుకంటే చేతిలో గిటార్ ఉంటే వేళ్లు అలవాటైన కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) మీదకే పోతాయి, గొంతు వాటి వెనకాలే పోతుంది. మర్నాడు ఆ రికార్డింగ్ వినకుండా ట్యూన్ గుర్తుందో లేదో చూస్కోండి. గుర్తున్న ముక్కే పల్లవి అవుతుంది, గుర్తులేనిదాన్ని వదిలేయండి, ఎంత ఇష్టమైనా సరే.

ఇక కార్డ్స్. ఏ మైనర్, ఎఫ్, సీ, జీ అందరూ వాడతారు, తప్పేం లేదు, కానీ అసలు గుండె పట్టేసే చోటు ఇంకోటుంది. సీ స్కేల్‌లో ఉన్నారనుకోండి, ఎఫ్ మేజర్ వాయించి, వెంటనే ఎఫ్ మైనర్ వేసి, అప్పుడు సీకి రండి. ఎఫ్ మేజర్‌లో ఉన్న ‘ఏ’ (A) అనే స్వరం అర మెట్టు దిగి ‘ఏ ఫ్లాట్’ అవుతుంది, ఇంకో అర మెట్టు దిగితే జీ, అది సీ కార్డ్‌లోదే. ఆ మూడు స్వరాలూ మెల్లగా గొంతుతో పాడి చూడండి, ఏ, ఏ ఫ్లాట్, జీ... ఏదో చేయి జారిపోయినట్టు ఉంటుంది, అయినా చివరికి మేజర్ కార్డ్ మీదే ఆగుతుంది కాబట్టి తీపి పోదు. దిగులూ మెలొడీ రెండూ ఒకే చోట దొరకడం అంటే నాకైతే ఇదే. కాకపోతే ఆల్బమ్ మొత్తంలో ఒకటి రెండు పాటల్లోనే వాడండి, మూడోసారికి వినేవాళ్లు ముందే పసిగట్టేస్తారు.

ఇంకో చిన్న పని, సీ కార్డ్ మోగుతుంటే నేరుగా సీ పాడకుండా డీ మీద కాసేపు ఆగి తర్వాత సీకి దిగండి. ఆ ఆలస్యంలోనే బెంగ ఉంటుంది. పల్లవి మాత్రం చరణం కన్నా పై స్థాయిలో ఉండాలి, ముఖ్యంగా మాటలు బాగా బాధగా ఉన్నప్పుడు.

టెంపో గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, 65 నుంచి 80 బీపీఎం (నిమిషానికి పడే బీట్లు) సుఖంగా ఉంటుంది కానీ అన్నీ అక్కడే పెట్టకండి, కనీసం ఒక బాధ పాట 110 దాకా పరిగెత్తించండి, ఆల్బమ్‌కి ఊపిరి వస్తుంది.

రికార్డింగ్‌కి ఖరీదైన గది అక్కర్లేదు. బట్టలు నిండుగా ఉన్న అలమార తలుపులు తెరిచి దాని ముందు మైక్ పెట్టుకుని, వీపు వెనకాల ఒక దుప్పటి వేలాడదీస్తే గొంతు గోడలకి తగిలి తిరిగి రావడం చాలావరకు తగ్గుతుంది. మైక్‌కి జానెడు దూరం. ఫ్యాన్ ఆపేయండి. రికార్డింగ్ సెట్టింగ్‌లో 24 బిట్ పెట్టి రికార్డ్ చేస్తే లెవెల్ పెంచాల్సిన పనే లేదు, గట్టిగా పాడిన చోట కూడా మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఉంటే చాలు. గొంతు పల్చగా అనిపిస్తే అదే లైన్ రెండోసారి పాడి ఒకటి ఎడమ స్పీకర్‌కి ఒకటి కుడి స్పీకర్‌కి జరపండి, కాపీ పేస్ట్ చేయొద్దు, ఎందుకంటే కాపీ చేసిన ట్రాక్ రెండూ ఒకటే కాబట్టి సౌండ్ పెరుగుతుందే గానీ వెడల్పు రాదు, రెండు టేకుల మధ్య ఉండే ఆ కొంచెం తేడాయే పక్కన ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది.

మొదటి టేకులు చెరిపేయకండి ప్లీజ్. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో తెచ్చిన నెబ్రాస్కా ఆల్బమ్ ఆయన ఇంట్లో 4 ట్రాక్ క్యాసెట్ రికార్డర్ మీద చేసుకున్న డెమోలే (నమూనా రికార్డింగులే), తర్వాత బ్యాండ్‌తో మళ్లీ ట్రై చేసినా అప్పుడు ఆల్బమ్‌గా ఆ క్యాసెట్ రికార్డింగులే బయటికొచ్చాయి. నా పాటల్లో ఒకదానికి పదకొండు టేకులు పాడా, శ్రుతి బాగా కుదిరింది చివరిదే, కానీ రెండో టేకులో చరణం మధ్య ఊపిరి అందక ఒక మాట సగంలో తెగింది, అదే ఉంచా.

మిక్స్‌లో (ట్రాకులన్నీ కలిపేటప్పుడు) రివర్బ్‌కి 30 మిల్లీసెకన్ల ప్రీ డిలే, అంటే మొదలయ్యే ముందు చిన్న ఆలస్యం, పెట్టండి, మాట ముందు వినిపించి గది తర్వాత వస్తుంది. మాస్టర్‌ని (విడుదలకి సిద్ధం చేసే చివరి ఫైల్‌ని) సౌండ్ పెంచడం కోసం మరీ నొక్కేయకండి, స్పాటిఫై ఎలాగూ మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (వినిపించే గట్టితనం కొలత) దగ్గరికి తెచ్చేస్తుంది, నొక్కినందుకు మిగిలేది మెత్తదనం పోవడమే.

8 లేదా 9 పాటలు, 30 నిమిషాలు దాటితే చాలు. వరుస వేసేటప్పుడు ఒకే కీలో (ఆధార శ్రుతిలో) ఉన్న రెండు పాటలు పక్కపక్కన పెట్టకండి, ఆ పరిగెత్తే పాటని మూడోదో నాలుగోదో చేయండి, అన్నిటికన్నా బరువైన పాట చివర్లో కాకుండా చివరికి ముందు పెట్టి, దాని తర్వాత రెండు నిమిషాల చిన్న పాట, గొంతూ గిటారూ మాత్రమే.